సోమక్కకు ఇచ్చిన రెండో గోలీ

ఇన్నేళ్ళూ మింగలేక కక్కలేక మోసిన మాట ఇది. మీరు నన్ను ఎరుగరు కాబట్టి మీకే చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఘనపూర్ నుంచి మా ధూంధాం బృందం సభలకు వెళ్ళి పాడేది. ముందు గొంతు సోమక్కది. వెనక వంత పాడేవాళ్ళలో నేనొకదాన్ని. నేను బాగా పాడతానని నాకు గట్టి నమ్మకం. ఆమె నాకంటే బాగా పాడుతుందని అంతకంటే గట్టిగా తెలుసు. అదే నా కడుపుమంట.

సోమక్కకు బండి పడదు. ఊరు దాటకముందే కళ్ళు తిరిగి వాంతులు. ఆమెకు గోలీ తెచ్చే పని నాది. జనగామ సభ రోజున మందుల షాపాయన మరీ మరీ చెప్పాడు, ఒక్కటే వేయాలి, రెండు వేస్తే మత్తుగా నిద్రపడుతుందని. విన్నాను. బాగానే విన్నాను.

డీసీఎం వ్యాను ఎక్కేముందు ఆమె చేతిలో రెండు పెట్టాను.

"రెండెందుకే చెల్లె?"

"దూరం పోతున్నం గదక్కా. ఒకటి సాలదు."

"నువ్వుండంగ నాకేం పరేషాన్," అని మింగేసింది.

జనగామలో మైకులో ఆమె పేరు పిలిచారు. ఆమె బండిలోనే ఒరిగిపోయి ఉంది. మొహాన నీళ్ళు కొట్టినా రెప్పలు నిలవలేదు. లాఠీ దెబ్బలకు కాలు విరిగిన తన తమ్ముడి మీద సోమక్క కట్టుకున్న పాట, ఆ రోజే మొదటిసారి పాడాలి. నేను పాడాను. జనం చప్పట్లు ఆపలేదు. నాకు సిగ్గనిపించలేదా? ఆ పూట లేదు. సంతోషమే అనిపించింది, అబద్ధమెందుకు.

ఇంటికి చేరేలోపే సోమక్క కల్లు తాగి పడిపోయిందన్న మాట పుట్టింది. నేనొక్క మాట చెబితే ఆగిపోయేది. చెప్పలేదు. తర్వాతి సభకు ఆమెను పిలవలేదు. ఆ తర్వాత కూడా పిలవలేదు. ఒక్కటి వేసుకున్నా పడుకునేదేమో, నా తప్పేముందని ఎన్నిసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నానో. మరి రెండోది ఎందుకిచ్చినట్టు?

రాష్ట్రం వచ్చిన రోజున ఆమె మా ఇంటికొచ్చి నన్ను కావలించుకుంది. "నా పాట నేలపాలు గాకుండ నిలబెట్టినవు చెల్లె," అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చాయ్ పెట్టి ఇచ్చి పంపాను.

ఆమె మళ్ళీ పాడలేదు. ఆమె ఎదుట నిలబడి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు, వస్తుందన్న నమ్మకమూ లేదు. ఈ కాగితం మీదనైనా ఒక్కసారి అననివ్వండి. సోమక్కా, తెలియక ఇవ్వలేదు. తెలిసే ఇచ్చాను.