తొమ్మిదిన్నర గంటల కువైటు

మహబూబ్‌బీ అంత సులువుగా ఎవరినీ నమ్మే మనిషి కాదు. కువైట్లో ఒక ఇంట పన్నెండేళ్ళు వంట చేసి ప్రొద్దుటూరుకు తిరిగొచ్చింది. పోయేటప్పుడు ఆసుపత్రిలో ఆయా పనని చెప్పారు. దిగినాకే తెలిసింది వంటపనని. అప్పటినుంచి ఎవరేం చెప్పినా రెండుసార్లు అడిగేది.

జమ్మలమడుగులో ఉండే చెల్లెలి కూతురు అల్ఫియా ఒకరోజు ఖాలా అని పిలుస్తూ స్వీటు పొట్లంతో వచ్చింది. కువైట్లో కుట్టుపని దొరికిందనీ, పులివెందుల ఏజెంటు ముబారక్ అంతా చూసుకుంటున్నాడనీ, నాలుగు రోజుల్లో ప్రయాణమనీ చెప్పింది. అతను పంపిన మెసేజీ ప్రకారం పొద్దున తొమ్మిదింటికి చెన్నైలో విమానం ఎక్కితే అక్కడి టైము సాయంత్రం నాలుగింటికి దింపుతుందట. యాడా ఆగదట.

మహబూబ్‌బీ స్వీటు నోట్లో పెట్టుకోబోయి ఆగింది. ఆ దారిన ఎన్నోసార్లు పోయివచ్చిన మనిషి. ఐదు గంటల ప్రయాణం. కువైటు గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. తొమ్మిదింటికి ఎక్కితే అక్కడి పదకొండున్నరకల్లా దిగాల. అక్కడ నాలుగంటే ఇక్కడ ఆరున్నర. వేళ్ళ మీద లెక్కేస్తే తొమ్మిదిన్నర గంటలు తేలింది.

"అంతసేపు గాల్లో ఉంటే కువైటు దాటి యాడికో పోతాది పాపా. టికెట్ చూసినావా?"

చూడలేదు. ఎయిర్‌పోర్టులో ఇస్తానన్నాడట. ఖాలాకు అన్నిట్లోనూ అనుమానమేనని అల్ఫియా గొణిగింది.

మరుసటి రోజు ఇద్దరూ పులివెందుల పోయారు. ముబారక్ మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మహబూబ్‌బీ గ్లాసు ముట్టలేదు. గంటల సంగతి అడిగితే మెసేజీలో తప్పు పడిందన్నాడు. టికెట్ అడిగితే ప్రింటరు చెడిపోయిందన్నాడు. ఫోన్లోనే చూపించమని, తమకేం తొందర లేదని ఆమె కుర్చీలో సర్దుకు కూర్చుంది. వేరేవాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడేసరికి అతను విసుగ్గా ఫోను ఇటు తిప్పాడు.

అల్ఫియా చదివింది. పదకొండున్నరకు కువైటు. అక్కడ మూడు గంటలు ఆగి ఇంకో విమానం. నాలుగింటికి బాగ్దాద్.

"రెండూ అరబ్బు దేశాలే గదా," అన్నాడు ముబారక్.

"పాప ఇచ్చిన పాస్‌పోర్టు ఈడ పెట్టు," అంది మహబూబ్‌బీ.

పాస్‌పోర్టు తీసుకుని బయటికొచ్చాక అల్ఫియా ఇంకో మాట చెప్పింది. అదే టికెట్లో నిర్మలమ్మ పేరు కూడా ఉంది. మెడికల్ పరీక్షలప్పుడు కలిసిన చిలమకూరు ఆమె. మహబూబ్‌బీ ఇంటికి పోకుండా యర్రగుంట్లలో బస్సు దిగి చిలమకూరుకు ఆటో మాట్లాడింది.

అక్కడ నిర్మలమ్మ మొగుడు వాళ్ళను గడప దాటనివ్వలేదు.

"మా ఆమెను ఆపి, ఆ పని మీ వాళ్ళకు ఇప్పించుకుందామనా?"

మహబూబ్‌బీకి కోపం రాలేదు. అతని చోట తానున్నా అదే అడిగేది. తన మాట నమ్మొద్దని, అతన్నే ఏజెంటుకు ఫోను చేసి టికెట్ పంపమనమని చెప్పింది. మూడుసార్లు చేశాడు. స్విచ్చాఫ్. అతను సర్ది అరుగు మీద పెట్టిన పెట్టెను లోపలికి తీసుకుపోయాడు.

వారానికి, పోలీసులను వెంటబెట్టుకుని పోయి నిర్మలమ్మ పాస్‌పోర్టు తెచ్చుకున్నారు. అల్ఫియా మళ్ళీ కుట్టుమిషన్ ముందు కూర్చుంది. ఊరంతా చెప్పుకున్న ప్రయాణం ఆగిపోయిందన్న ఉక్రోషంతో నెలరోజులు ఖాలాతో సరిగా మాట్లాడలేదు. ఫోను చేస్తే ఊఁ, ఆఁ అని పెట్టేసేది. మహబూబ్‌బీకి అదే చాలనిపించేది. పిల్ల జమ్మలమడుగులోనే ఉంది.