మంచులో రెండు పొయ్యిలు

అచ్చాయమ్మకి జవాబు తెలుసు. చెప్పదంతే.

రెండువేల అయిదులో ఆవిడ దుబాయ్‌లోని జుమైరాలో విల్టన్ అనే ఇంగ్లీషు దొర ఇంట్లో వంటమనిషి. దొరకి ఒకటే పిచ్చి. తొంభై ఏళ్ల కిందట ఉత్తర ధ్రువానికని బయల్దేరి మంచులో చచ్చిపోయిన ఏడుగురి గురించి పుస్తకం రాయడం. నలభై రోజులకని తీసుకెళ్లిన పొయ్యి నూనె ఇరవై అయిదు రోజులకే ఎలా అయిపోయింది? నూనె లేక, మంచు కరిగించుకోలేక, దాహంతో పోయారట పాపం. ఆ సంగతి తేలితే పుస్తకం పూర్తి, దొర సొంత దేశానికి ప్రయాణం, అచ్చాయమ్మ వీసా ఖలాస్. రాజోలు వెళ్లి మళ్లీ వదిన చేతికింద బతకాలి. తలుచుకుంటేనే ఆవిడకి ఒళ్లు మండిపోయేది.

సాయంత్రం టీ దగ్గర దొర వాళ్ల డైరీ చదివి వినిపించేవాడు. పదకొండేళ్ల గల్ఫులో ఆవిడకి ఇంగ్లీషు బాగానే పట్టుబడింది. పదో రోజు గొడవైందనీ, మర్నాటి నుంచి ఆఫీసర్లు ఆరింటికీ నావికులు ఏడింటికీ టీ తాగారనీ విన్నప్పుడే పట్టేసింది. కరామాలో ఆవిడ శుక్రవారాలు గడిపే గదిలో ఎనిమిదిమంది ఆడవాళ్లు. పులుసులో కారం దగ్గర తగువొచ్చి రెండు జట్లుగా వండుకుంటే, నెల రావాల్సిన గ్యాసు సిలిండరు పదిహేను రోజులకే అయిపోయింది.

"ఎలుగుబంటి డబ్బాలు చింపేసుంటది సార్," అంది అమాయకంగా. పిచ్చి మారాజు, ఎలుగుబంట్ల మీద నాలుగు నెలలు ఊరూరా ఉత్తరాలు రాశాడు. తర్వాత డబ్బాలకి చిల్లులేమో అంది. అలా రెండేళ్లు లాక్కొచ్చింది, ఘటికురాలు!

ఒకరోజు దొర ఎగురుకుంటూ వంటింట్లోకొచ్చాడు.

"దొరికాడు అచ్చా! వాళ్ల వంటవాడే దొంగ. చలి కాచుకోడానికి నూనె కాజేశాడు. వాడి మనవలకి ఉత్తరాలు రాసి ఋజువులు లాగుతాను. ఇంకో రెండేళ్లు ఇక్కడే!"

అచ్చాయమ్మకి కావలసింది అదేగా. మళ్లీ ఉల్లిపాయలు తరగడంలో పడింది. రెండు తరిగి మూడోదాని దగ్గర కత్తి విసిరికొట్టింది.

"ఏటి సార్, ఏది పోయినా వంటోళ్లమేనా దొంగలం? కలిసి తాగడం మానేసి రెండేసి సార్లు పొయ్యి ఎలిగిత్తే నూనె రెండింతలు అవదా? పాపం ఆడు ఇటు కాసి, అటు కాసి సచ్చుంటాడు!"

దొర పరుగెత్తి డైరీ తెచ్చాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. కలిసి తాగిన రోజులు పది, మిగిలిన ముప్ఫై రోజుల నూనె పదిహేనుకే, మొత్తం ఇరవై అయిదు. సరిగ్గా సరిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండేళ్ల నాడే."

"చెబితే నీ వీసా పోతుందిగా?"

"పోద్ది సార్. కానీ ఆడు సచ్చిపోయినోడు. ఆడి తరఫున మాట్లాడ్డానికి ఇంకెవరున్నారు?"

ఆ నెలాఖరున అచ్చాయమ్మ రాజోలు వెళ్లిపోయింది.