ఒడిబియ్యం పేరు చెప్పి

నా చిన్నప్పుడు మా ఇంట్లో అబద్ధాన్ని అతికినట్టు చెప్పగలిగింది నేనొక్కదాన్నే. పాలగిన్నె ఖాళీ అయితే, పిల్లి ఏ దిక్కు నుంచి వచ్చి ఏ దిక్కుకు పారిపోయిందో కూడా చెప్పేదాన్ని. మా నాయనమ్మ నవ్వి ఒక మొట్టికాయ వేసి వదిలేసేది. ఆ తెలివి ఒకనాడు మా అమ్మ మీదనే వాడతానని నాకేం తెలుసు.

అప్పుడు మేము జహీరాబాద్‌లో, రైలు పట్టాలకు దగ్గరగా ఒక పెంకుటింట్లో ఉండేవాళ్లం. మా నాయన బెల్లం దుకాణంలో పని చేసేవాడు. నాకు తొమ్మిదేళ్లు. ఆ ఏడు తమ్ముడు పుట్టి పదకొండో రోజున పోయాడు. అమ్మ ఏడవలేదు. నెల తిరిగేసరికి తిండీ నిద్రా రెండూ మానేసింది. పొయ్యి ముందు కూర్చుంటే అన్నం మాడుతున్నా లేచేది కాదు. రెండుసార్లు తెల్లవారే వేళ బావి గట్టు మీద దొరికింది. రెండోసారి పట్టుకుని ఇంటికి తెచ్చింది పక్కింటి ఖాలా. ఉర్దూలో పిన్నిని అట్లా అంటారు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. ఆ రోజు నుంచి ఆమె తన వంట కూడా మా వాకిట్లోకే తెచ్చుకుని, అమ్మను కనిపెట్టుకుని ఉండేది.

దర్గాలో తాయెత్తు కట్టించారు. ఎవరో మంత్రగాణ్ణి పిలిపిస్తే వాడు వేపమండలతో కొట్టాడు. అమ్మ చేతుల మీద చారలు తేలాయి, అంతే. చివరికి ఊళ్లో డాక్టరు ఇంక ఆలస్యం చేయొద్దని, పట్నంలో పిచ్చి దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పాడు. ఆ పేరు విని మా నాయన వాకిట్లోనే కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

అమ్మను రైలెక్కించడం ఎట్లా అన్నదే ఇప్పుడు భయం. దవాఖాన అంటే రాదు, వచ్చినా దారిలో దూకేస్తుందని పెద్దవాళ్లు అనుకున్నారు. ఉపాయం నాయనమ్మకు తట్టింది. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటివాళ్లు పిలిచి, కొత్త చీర పెట్టి, కొంగులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు పోసి పంపడం మా దిక్కు ఆచారం. అదే ఒడిబియ్యం. ఆ పిలుపు వస్తే కాదనే ఆడది ఉండదు. పట్నం రైలు వికారాబాద్ మీదుగానే పోతుంది, అమ్మమ్మవాళ్ల ఊరు కూడా ఆ దారిలోనే ఉంది.

"నువ్వు చెప్తేనే నమ్ముతది బిడ్డా. మీ అమ్మ బాగుపడాలంటే చెప్పాలె" అంది నాయనమ్మ.

గోడ అవతల ఈ మాటలన్నీ విన్న ఖాలా, నాయనను పిలిచి మెల్లగా చెప్పింది. "భయ్యా, ఆమెకు చెప్పి తీస్కపోన్రి. ఆమెకు బీమారి అయింది గని, అకల్ పోలే, తెలివి మంచిగనే ఉన్నది." మా నాయన తల వంచుకుని లోపలికి వచ్చేశాడు.

నేను అమ్మ దగ్గరికి వెళ్లి, అమ్మమ్మ ఒడిబియ్యానికి పిలిచిందని చెప్పాను. ఎన్నో రోజుల తర్వాత అమ్మ నా మొహంలోకి చూసింది.

"మా అవ్వ పిలిచిందా?"

"పిలిచింది. చీర గూడ తెచ్చి పెట్టిందట. ఆకుపచ్చది."

ఆకుపచ్చ అని నాకెవరూ నేర్పలేదు, నేనే కలిపాను. అమ్మ లేచి తనంతట తాను స్నానం చేసింది. తల దువ్వుకుంది, చేతుల నిండా గాజులు వేసుకుంది. గడప మీద కూర్చుని మా కోసం ఎదురుచూసింది. నా అబద్ధం అంత బాగా పారినందుకు, నిజం చెప్పాలంటే, నాకు గొప్పగా అనిపించింది.

రైలు అమ్మమ్మవాళ్ల స్టేషన్‌లో ఆగింది. అమ్మ కొంగు సర్దుకుని లేచింది. "కూసో. ఇంకా ముంగటికి పోవాలె" అని నాయన చెయ్యి పట్టుకున్నాడు. రైలు కదిలింది. అమ్మ ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆమె అరవలేదు, దూకలేదు. పట్నం దాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

దవాఖానలో డాక్టరు ఏం బాధ అని అడిగితే అప్పుడు నోరు విప్పింది.

"నాకు బాగలేదని నాకెరుకే సారూ. దవాఖాన అని చెప్తే నేనే నడిచి వస్తుంటి. గీ పోరితోని అబద్ధం చెప్పిచ్చుడెందుకు?"

 లోపల గాజులు ఉండకూడదంటూ ఆయా ఒక్కొక్కటే తీసి నా దోసిట్లో పోసింది. ఇనుప తలుపు వేశారు. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.

నాలుగు నెలలకు ఇంటికి వచ్చింది. తిన్నది, నిద్రపోయింది, వంట చేసింది. ఖాలాతో మాట్లాడేది, ఒక్కోసారి నవ్వేది. నేను వాన వస్తోందంటే మాత్రం వాకిట్లోకి వెళ్లి చూసి వచ్చేది. రెండేళ్లకు అమ్మమ్మ నిజంగానే ఒడిబియ్యానికి పిలుపు పంపింది. నేను పరుగెత్తుకుంటూ పోయి చెప్పాను.

"ఏ దవాఖాన?" అని అడిగింది అమ్మ. కోపం లేదు, ఏ బజారు అని అడిగినట్టు అడిగింది.

నాయన చెప్పినా, ఖాలా చెప్పినా వెళ్లలేదు. పసుపు కలిపిన బియ్యం అక్కడ అట్లాగే ఉండిపోయాయి. ఆ ఏడే అమ్మమ్మ పోయింది. ఆమె పెట్టెలో అమ్మ కోసం కొన్న చీర దొరికింది. అది ఆకుపచ్చది కాదు.

యాభై దాటాక, మా ఆయన పోయిన ఏడు, నాకూ కంటికి నిద్ర కరువైంది. బతకాలని లేని రోజులు నాకూ వచ్చాయి. నా బిడ్డను కూర్చోబెట్టి చెప్పాను. "నన్ను దవాఖానకు తీస్కపో. దవాఖాన అని చెప్పే తీస్కపో." దారి పొడుగునా అది నా చెయ్యి వదలకుండా, ఎక్కడి దాకా వచ్చామో చెబుతూనే ఉంది. నేను ఏడుస్తుంటే భయంతో అనుకుంది. భయం కాదు. మా అమ్మకు ఆ దారిలో ఒక్క నిజం మాట చెప్పేవాళ్లు లేకపోయారు. పక్కన కూర్చున్నది నేనే.