గోడకు పట్టిన నీళ్లు

సూర్యాపేటలో మా అక్క ఇంటి పడమటి గోడకు మొదటి పగులు నాలుగేళ్ల కిందటి వానకాలంలో కనిపించింది. కిటికీ పైకమ్మి ఎడమ మూల నుంచి ఏటవాలుగా నేల వైపు దిగింది. పైన వెడల్పు మూడు మిల్లీమీటర్లు. నేలకు జానెడు ఎత్తున వెంట్రుకంత సన్నబడి ఆగిపోయింది. కొలిచింది నేనే. కోదాడలో సివిల్ డిప్లొమా విద్యార్థులకు నిర్మాణ సామగ్రి పాఠం చెబుతాను. పగులు కనబడితే ముందు స్కేలు తీయడం నాకు అలవాటు.

ఆ గోడ మందం రెండడుగులు. లోపల రాయి, మట్టి అడుసు. పైన డంగు సున్నం, అంటే గానుగలో నూరిన సున్నం పూత. అక్క అత్తగారు కాపురానికి రాకముందే కట్టిన పెంకుటిల్లది. ఇంటి నడిమి దూలపు ఒక కొన ఆ గోడ మీదే ఆనుతుంది. ఆ దూలం కిందే, ముందుగదిలో, పిండి గిర్ని. బావ పోయాక అక్కకు బతుకుతెరువు ఆ గిర్నీయే. జొన్నలు, మిరపకాయలు, పసుపు కొమ్ములు డబ్బాల్లో పోసుకుని వచ్చే ఆడవాళ్లతో ఆ గది పొద్దుటి నుంచే నిండి ఉండేది. గోడ నిలిస్తేనే గిర్ని నడుస్తుంది.

పాత ఇళ్ల పని తెలిసినవాడని మునగాల నుంచి ఒక ముసలి మేస్త్రిని పిలిపించాం. అతను పూతను గోటితో గీరాడు. రాలిన మట్టిని వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

"మేడం, ఇది మట్టి గోడ. సన్నమట్టిల సున్నం కలిపి పగుల్ల పెడదాం. పైన మళ్ల సున్నమే పూద్దాం. రెండు మూడేండ్లకోసారి చేసుకుంటుండాలె, గంతే."

"మాటిమాటికీ చేయాల్సి వస్తే అది రిపేరు ఎట్లయితది?" అన్నాను.

"రోజూ అన్నం తింటలేమా మేడం?"

నేను నవ్వలేదు. గోడకు లోపలా బయటా ఒకటికి నాలుగు పాళ్ల ఇసుకతో సిమెంటు పూత, దాని కింద చికెన్ మెష్ అనే సన్నని ఇనుప వల, తర్వాత పూత గట్టిపడేదాకా నీళ్లు పట్టే క్యూరింగ్ అని చెప్పాను. అతను తల గోక్కున్నాడు.

"సిమెంటంటే గోడకు రెయిన్‌కోటు తొడిగినట్టు. బయటి నీళ్లు లోపటికి రావు, నిజమే. లోపటి చెమట ఏడికి పోవాలె?"

అక్కకు కోపం వచ్చింది. "మా చెల్లె కాలేజీల పాఠాలు చెప్తది. ఆమెకు తెల్వంది నీకు తెల్సా?"

"నాకు గోడ తెల్సు తల్లీ, పాఠం తెల్వదు" అని తాపీ చేతిలోకి తీసుకున్నాడు. నేను చెప్పినట్టే, వంకపెట్టడానికి వీల్లేకుండా చేశాడు.

అతనన్న చెమట సంగతి నాకు తెలియనిది కాదు. వీధిలో రోడ్డు మీద రోడ్డు వేయడంతో ఆ ఇల్లు తొమ్మిది అంగుళాలు పల్లమైంది. వాన నీరు గోడ పాదం దగ్గర నిలిచేది. ఆ తేమ గోడలోకి పాకి, సున్నం పూత గుండా నెమ్మదిగా ఆరిపోయేది. నా పాఠంలో అది ఒక పేరా. ఏటా చెబుతాను. ఆ గోడ ముందు నిలబడినప్పుడు మాత్రం అది నా తలలోకి రాలేదు.

కోదాడ బస్సెక్కే ముందు ఒక కాగితం మీద సూచనలు రాసి స్విచ్‌బోర్డు పక్కన అంటించాను. గోనెపట్టాలు గోడకు వేలాడదీయాలి. రోజుకు మూడుసార్లు తడపాలి. పట్టా ఆరకూడదు. కనీసం పద్నాలుగు రోజులు.

మోటారుకు తడి తగలకూడదని అక్క గిర్ని ఆపేసింది. చెంబుతో నీళ్లు పట్టింది. డబ్బాలతో వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి ఎగతాళి చేసేవారట.

"గోడకు తానం అయిందా వదినా? కన్నబిడ్డకు గూడ ఇన్ని నీళ్లు పోసి ఉండవు."

"బిడ్డ మిర్యాలగూడకు కోడలై పాయె. గోడ నా కాడనే ఉంటది గదా, దానికే పోస్తున్న" అనేదట అక్క.

నలభయ్యో రోజున నేను వెళ్లేసరికి గోనెపట్టాలు ఇంకా వేలాడుతున్నాయి, తడిగా.

"ఇంకా పడుతున్నవా అక్కా?"

"కనీసం అని రాసినవ్ గదా. ఇంకిన్ని పడితే ఇంకింత గట్టిపడదా?"

గట్టిపడుతుందన్నాను. మెచ్చుకున్నాను కూడా. ఆ తడి గోడను ఫోటో తీసి, క్యూరింగ్ అంటే ఇట్లా ఉండాలని తరగతిలో చూపించాను.

గోడ ఒక ఏడాది నున్నగా నిలిచింది. రెండో వానకాలానికి పాత పగులుకు అటూ ఇటూ రెండు కొత్త పగుళ్లు వచ్చాయి. పగులు కదులుతున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి దానికి అడ్డంగా సన్నని గాజు పట్టీ అతికిస్తారు. గోడ కదిలితే గాజు విరుగుతుంది. మూడు చోట్ల మూడు పట్టీలు అతికించాను. చలికాలం లోపల మూడూ విరిగాయి. నాణెంతో తట్టి చూశాను. పూత గోడను వదిలి గుల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీసుకుంటూ పోతే గోడలో సగానికి మించి గీతల లోపలే పడింది. ఆ పైన రెండేళ్లు పగుళ్లలో పుట్టీ కూరుతూ గడిపాను. పుట్టీ పక్కనే మళ్లీ విచ్చేది. అక్క మాత్రం గిర్ని ఆన్ చేసే ముందు గోడ మీద అరచెయ్యి ఆనించి చూసుకునేది.

ఈ ఏడాది వానలు పడగానే పూత కడుపులా ఉబ్బింది. అదే మేస్త్రిని పిలిపించాను. ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేశాడు. తలుపు రెక్కంత సిమెంటు పెచ్చు, మెష్‌తో సహా, ఊడి కిందపడింది. దాని వెనుక రాళ్ల మధ్య ఉండాల్సిన అడుసు లేదు. కొంత కిందికి జారి నేల దగ్గర ముద్దగా పేరుకుంది. రాళ్లు ఒకదాని మీద ఒకటి ఊరికే కూర్చుని ఉన్నాయి. మేస్త్రి ఆ మట్టిని పిడికెడు తీసి నా చేతిలో పెట్టాడు. అది ఇంకా తడిగా ఉంది.

"ఇగ నేను చెయ్యి పెట్టను మేడం. దూలం దిగుతది."

నాకు తెలిసిన పద్ధతులన్నీ ఒక్కొక్కటే ఆలోచించాను. రాళ్ల సందుల్లోకి అడుసు ఎక్కించాలన్నా, ఉక్కు కమ్మీలతో కుట్టాలన్నా, ముందు గోడ తన బరువు తాను మోయాలి. ఆ రోజే దూలం కింద రెండు సరుగుడు గుంజలు నిలబెట్టించాను. గిర్ని ఆపించాను. ఇల్లు విప్పడమే మిగిలిందని చెప్పాల్సినదాన్ని నేనే.

చెప్పాను. "తప్పు నాది అక్కా. మట్టి గోడకు సిమెంటు వేయించకూడదు. అన్ని నీళ్లు పట్టమనకూడదు. ఆ నీళ్లే లోపల అడుసును కరిగించినయి. తర్వాత తేమ బయటికి పోకుండా సిమెంటు పట్టి ఉంచింది."

అక్క ఊడిన రాళ్ల మీద అరచెయ్యి ఆనించింది.

"నేనే సక్కగ పట్టలేదేమో చెల్లె. గిర్ని ఎనుక మూలకు చెయ్యి అందకపోతుండె. నడుమ రెండ్రోజులు జరమొచ్చి మానేసిన. నీకు చెప్పలే."

"కాదక్కా. పట్టినందుకే పోయింది."

"నువ్వెందుకు తప్పు చెప్తవ్? ఇంత సదువుకున్నదానివి."

మేస్త్రి బయట బకెట్ దగ్గర తాపీ కడుక్కుంటున్నాడు. తల ఎత్తలేదు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. కాగితం మీద గోడ గీసి, నీరు వెళ్లిన దారి బాణాలతో చూపించాను. మూడోసారి చెప్పేటప్పుడు ఆమె తల ఊపింది, పిండి మెత్తగా రాలేదన్నవాళ్ల మాటకు ఊపినట్టు.

మిర్యాలగూడ నుంచి ఆమె బిడ్డ వచ్చింది. వాళ్లవి రెండు గదులు, పై అంతస్తు. అక్కకు చోటుంది, గిర్నికి లేదు. నిడమనూరులో ఎవరో దాన్ని కొనుక్కుని, బెల్టు విప్పి, ట్రాలీ ఆటోలో ఎక్కించుకుపోయారు. వచ్చే వారం పెంకులు దింపుతారు.

మొన్న ఆదివారం గుంజలు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి వెళ్లాను. అక్క లోపల సామాను మూటలు కడుతోంది. ముందుగదిలో నా కాగితం స్విచ్‌బోర్డు పక్కనే ఉంది. పూత ఊడిన గోడ మీద గోనెపట్టా వేలాడుతోంది. దాని కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. గిర్ని తీసేసిన చోట, ఇన్నాళ్లూ చెయ్యి అందలేదన్న మూలలో, గోడ అన్నిటికన్నా ఎక్కువ తడిసి ఉంది.