ప్రసాదం ఫోల్డర్

డిపార్ట్‌మెంట్ నుంచి ఆ మెయిల్ వచ్చినప్పుడు నాకు మొట్టమొదట కలిగింది అనుమానమే. ఇంజనీరింగ్ పీహెచ్‌డీల్లో నల్లజాతి, లాటినో, ఆదివాసీ విద్యార్థులు బాగా తక్కువ కాబట్టి, ఒక్కొక్కరికి ఒక్కో మెంటర్‌ను ఇస్తున్నారట. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన నల్లజాతి అమ్మాయికి, అక్కడే సైంటిస్టుగా పనిచేస్తున్న నన్ను పెట్టారు. బ్రోషర్‌లో వేసుకోవడానికి ఒక ఫోటో కావాలి, అంతకు మించి ఏమీ ఉండదని తేల్చేశాను.

ఆ అమ్మాయి మీదా అనుమానమే. డెట్రాయిట్ పిల్ల, వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. నెలకు రెండుసార్లు కాఫీకి తీసుకెళ్లేదాన్ని. ఏది అడిగినా బాగానే ఉందనేది. మధ్యాహ్నం మా తెలుగువాళ్లం అందరం బ్రేక్‌రూమ్‌లో డబ్బాలు విప్పే వేళకు తను మాత్రం డెస్క్ దగ్గర ఒక్కతే తినేది. కలుపుగోలుతనం లేదనుకున్నాను. మేం అక్కడ మాట్లాడేదంతా తెలుగులోనే అన్న సంగతి నాకు తట్టనే లేదు.

మా దగ్గర క్వాలిఫయింగ్ పరీక్ష రెండుసార్లే రాయనిస్తారు. రెండోసారీ పోతే మాస్టర్స్ డిగ్రీ చేతిలో పెట్టి పంపేస్తారు, పీహెచ్‌డీ మాట అక్కడితో సరి. జనవరిలో తను ఫెయిలైంది. మావాళ్లు ఐదుగురు రాస్తే ఐదుగురూ ప్యాసయ్యారు. సరిగ్గా చదివి ఉండదనుకున్నాను.

ఆ వారం కాఫీ దగ్గర తను కప్పు పక్కకు జరిపి, మెల్లగా ఇంగ్లిష్‌లో అడిగింది. "ఏమీ అనుకోకండి. ఆ ప్రశ్నలు వస్తాయని ఆ ఐదుగురికీ ముందే ఎలా తెలుసు?"

నాకు ఒళ్లు మండింది. కాపీ కొట్టారంటున్నావా అన్నాను. లేదంది. సగం కాఫీ వదిలేసి లేచాను.

నోవైలో ఉన్న మా ఇంటికి చేరేదాకా, మంచులో కారు ఈడ్చుకుంటూ ఆ పిల్లను తిట్టుకుంటూనే ఉన్నాను. నాతోపాటు అదే యూనివర్సిటీలో చదివిన మా ఆయనకు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దుతూ విన్నాడు.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస. మనం మాత్రం ఎట్ల ప్యాసైనం? ఫోల్డర్ మర్చిపోయినవా?" అన్నాడు.

మర్చిపోలేదు. అదొక ప్రత్యేకమైన సౌకర్యమన్న స్పృహే పోయింది. పాత ప్రశ్నపత్రాలు, జవాబులు, ఏ ప్రొఫెసర్ దేన్ని తిప్పి తిప్పి అడుగుతాడో, రాసి వచ్చిన ప్రతివాళ్లూ గుర్తు చేసుకుని అందులో పెడతారు. డిపార్ట్‌మెంట్ దాన్ని వద్దనలేదు, అలాగని తనంతట తాను ఎవరికీ ఇవ్వనూ లేదు. నన్ను ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చిన సీనియర్ అన్న ఒక రైస్ కుక్కర్, ఆ ఫోల్డర్ లింకు ఒకే రోజు ఇచ్చాడు. అందరికీ పంచాలని ఎవరో దానికి 'ప్రసాదం' అని పేరు పెట్టారు. కొన్నేళ్లుగా అందులో ఎవరిని చేర్చాలన్నది నా చేతిలోనే ఉంది. లిస్టు తెరిచి చూశాను. పైనుంచి కింది దాకా అన్నీ మన పేర్లే.

తనని చేరుస్తానని మావాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో పెడితే ఒక జూనియర్ తమ్ముడు, "అక్కా, బయటోళ్లకి వెళ్తే ఇష్యూ అవుద్దేమో, ఆలోచించు" అని మెసేజ్ పెట్టాడు. అంతకు ముందురోజు వరకు నేనైనా అదే అనేదాన్ని.

మర్నాడు తన పేరు చేర్చి, పక్కన కూర్చుని తెరిచి చూపించాను. తను చాలాసేపు స్క్రీన్ కిందికి జరుపుతూ పోయింది. జనవరిలో తను వదిలేసిన ప్రశ్న ఐదేళ్ల కిందటి కాగితంలో ఉంది, అంకెలే తేడా. థాంక్స్ చెబుతుందని ఎదురుచూశాను.

"ఇది మీ దగ్గర ఎప్పట్నుంచి ఉంది?" అంది.

చాలా ఏళ్లుగా, అన్నాను.

"మనం మొదటిసారి కాఫీ తాగిన రోజు కూడా?"

అవునన్నాను. తను తలూపి మళ్లీ చదవడం మొదలుపెట్టింది.

మేలో తను ప్యాసైంది. ఆ రోజే అందులోవన్నీ దించుకుని, నన్ను అడక్కుండానే, ఆ ఏడాది డిపార్ట్‌మెంట్‌లో చేరిన వాళ్లందరికీ పంపేసింది. మావాళ్లు కొందరు గొణిగారు, నేను పట్టించుకోలేదు.

తర్వాత డిపార్ట్‌మెంట్ నుంచి మళ్లీ మెయిల్ వచ్చింది. అనుమానించినట్టే, ఫోటో కావాలట. దానితో పాటు ఆ విద్యార్థినికి నేను ఎలా అండగా నిలిచానో రెండు వాక్యాలు రాసివ్వమన్నారు. ఫోటో పంపేశాను. ఆ రెండు వాక్యాలు ఇంకా రాయలేదు.