అయ్యగారి కాలు పట్టే కారు

ముందుగా ప్రభువుకు స్తోత్రం. ఊపిరి ఇచ్చినందుకు స్తోత్రం, చేతులిచ్చినందుకు స్తోత్రం. ఆ చేతులతో నేను బిగించిన బోల్టులన్నీ చూసి కూడా నన్నింకా సంఘంలో ఉండనిస్తున్నందుకు మరీ మరీ స్తోత్రం. ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక ఘోర వినాశనం గురించి. కంగారు పడకండి, మనుషులెవరికీ ఏమీ కాలేదు. పోయింది నా పరువొక్కటే. దాన్ని కాలవ గట్టు మీద నలుగురూ చూస్తుండగా సాగనంపారు.

మా సంఘకాపరిని మేం అయ్యగారంటాం. ఆరడుగుల పైచిలుకు మనిషి. మందిరం మెట్ల మీద జారి మోకాలు విరిగింది. డాక్టర్లు రాడ్డు వేశారు. ఆ రోజు నుంచీ కుడికాలు మడత పడటం మానేసింది. ఆటో ఎక్కితే ఆ కాలు రైల్వే గేటులా బయటికి చాచుకుని ఎదురొచ్చే సైకిళ్ళన్నిటినీ ఆపేసేది. కారులో సీటెంత వెనక్కి జరిపినా కాలు డాష్‌బోర్డుకు తన్నేది. ట్రాక్టరు తొట్టిలో కుర్చీ వేస్తామంటే, "నేనేమన్నా ఇటుకల లోడునా?" అన్నారు.

ఇంతలో రాజోలు వైపు ఓ పల్లెలో ఉన్న ఆయన కూతురికి పాప పుట్టింది. మనవరాలిని తన చేతులతో ఎత్తి దేవునికి ప్రతిష్ఠించాలని అయ్యగారి ఆశ. ఆ ప్రతిష్ఠ ఆయన ప్రయాణం కుదరక వాయిదా పడుతూ వచ్చింది. చివరికి వియ్యంకుడు ఫోన్ చేశాడు. "బావగారూ, ఈ ఆదివారం మీరొస్తే సరే. రాకపోతే మా ఊరి పాస్టరుగారితో కానిచ్చేస్తామండి." ఫోన్ పెట్టేసి అయ్యగారు తన కాలి వంక చూసుకున్న చూపు నేను చూశాను. చూసి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు.

అప్పటికి నేను ఫోనులో వీడియోలు చూసి ఇంజనీరునయ్యాను. ఇంటి దగ్గరే కట్టుకునే కిట్ కారొకటి కొని ఉంచాను. ఫ్రేమూ, ఫైబరు బాడీ, చక్రాలూ దేనికదే అట్టపెట్టెల్లో వచ్చాయి. ఇంజను మాత్రం మనమే చూసుకోవాలి. అమలాపురంలో వెల్డింగ్ షెడ్డున్న మా బావ జీవన్ ఎవరో తుక్కుకేసిన కారు ఇంజను, గేరుబాక్సుతో సహా పట్టుకొచ్చాడు. ఇద్దరం షెడ్డులో కూర్చుని ఆలోచించాం.

"ఇంజను ముందుంటే అయ్యగారి కాలెక్కడ పెడతాం బావా?" అన్నాడు.

"వెనక్కి మార్చేద్దాం. అప్పుడు కారు ముక్కు దాకా కాలే."

"వెనకైతే సైలెన్సరు పొగ ఆయన వీపుకి కొడతది కదా."

"ఇంజను మొహం వెనక్కి తిప్పి బిగిద్దాం."

"ఆయ్, అలాగే కానీ."

ఆ ఒక్క 'ఆయ్'తో యంత్రశాస్త్రం మా షెడ్డులోంచి లేచి వెళ్ళిపోయింది. వెళ్ళిన సంగతి మేం గమనించలేదు.

శనివారానికి బండి తయారైంది. గుడ్డు పెట్టబోయే కోడిలా ముడుచుకుని, ముద్దుగా ఉంది. జీవన్‌కు చేతులు ఆగలేదు.

"ఓ చుట్టు తిప్పి చూద్దాం బావా."

"ప్రార్థన జరక్కుండా చక్రం కదలకూడదు. మా నాన్న సైకిలు కొన్నా నడిపించుకునే మందిరానికి తెచ్చేడు. మొదటి చుట్టు దేవుడిది."

"స్టార్టు చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు. గేరు వెయ్యకూడదు."

"మరి గేర్లు పడతన్నాయో లేదో ఎలా తెలుస్తది?"

"విశ్వాసంతో," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా ముఖంలో ఎంత తేజస్సుందో మీరు చూడాల్సింది.

ఆదివారం పొద్దున్నే బండిని తోసుకుంటూ తెచ్చి మందిరం ముందు నిలబెట్టాం. ముందు రిబ్బను కట్టాం. వెనక షామియానా కింద ఉప్మా గిన్నె ఉంది. అయ్యగారు ముందు సీట్లో కూర్చుని కాలు చాపారు. కాలు వెళ్ళింది, ఇంకా వెళ్ళింది, పూర్తిగా వెళ్ళింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రార్థన చేసి, రిబ్బను కత్తిరించాక, "పోనియ్యి కరుణాకర్," అన్నారు.

ఫస్టు గేరు వేశాను. బండి వెనక్కి వెళ్ళింది.

"రివర్సు వేసేవేమో చూసుకో."

"ఫస్టేనండి."

సెకండు వేశాను. ఇంకా హుషారుగా వెనక్కి వెళ్ళింది. షామియానా రాట ఊడింది, గుడ్డ వచ్చి పాటల బృందం మీద పడింది. వాళ్ళు లోపల్నుంచే పాట కొనసాగించారు. ఉప్మా గిన్నెను మా ఆవిడ రత్నం చంటిబిడ్డలా ఎత్తుకుని పక్కకు తప్పుకుంది.

"ఏవండీ, ఇది ముందుకు కూడా వెళ్తుందా?" అంది.

రివర్సు వేశాను. బండి అడుగులో అడుగు వేసుకుంటూ, పీటల మీదకు నడిచే కొత్త పెళ్ళికూతురిలా ముందుకు కదిలింది.

జీవన్ తల గోక్కున్నాడు. "ఇంజను మొహం వెనక్కి తిప్పేం కదా బావా, చక్రాలూ వెనక్కే తిరుగుతన్నాయి. వెనక్కి నాలుగు గేర్లు, ముందుకొకటి."

"ఇప్పుడా చెప్పడం?"

"నాకూ ఇప్పుడే తెలిసిందండి," అన్నాడు. సిగ్గేస్తే బావకు నేను 'అండి' అయిపోతాను.

అంతలో వియ్యంకుడి ఫోను. అక్కడ పాటలు మొదలయ్యాయట. ఆ ముందు గేరు మీద వెళితే పాప పెళ్ళికి అందుకుంటాం. అయ్యగారు ఫోను జేబులో పెట్టుకుని, "వెనక్కే పోనియ్యి," అన్నారు.

"నాగలి పట్టినవాడు వెనక్కి చూడకూడదని పోయిన వారం మీరే కదండీ చెప్పేరు?"

"ఇది నాగలి కాదురా. నాగలైతే ముందుకెళ్ళేది."

రిజిస్ట్రేషన్ లేని బండి కాబట్టి మెయిన్ రోడ్డు జోలికి పోకుండా కాలవ గట్టు పట్టుకున్నాం. జీవన్ మోటారు సైకిలు మీద హారన్ కొడుతూ బాతుల్ని, గేదెల్ని తప్పించాడు. నేను మెడ వెనక్కి మెలితిప్పి నడిపాను. అయ్యగారికి మాత్రం రాజభోగం. మామూలు బండిలో వెళితే ఎదురైనవాళ్ళు చటుక్కున వెనకబడిపోతారు. ఇందులో ఆయన ముఖం వాళ్ళ వైపే ఉంటుంది. "ఎక్కడికండీ అయ్యగారూ?" అన్న ప్రతివాడితోనూ కుశలప్రశ్నలు మొదలుపెట్టి, వాడు చీమంత అయ్యేదాకా మాట్లాడుతూనే ఉన్నారు.

అక్కడ మందిరం గుమ్మంలో దండలతో నిలబడ్డవాళ్ళకు ముందుగా మా వెనకభాగం దర్శనమిచ్చింది. తొందరలో ఎవరో దండ సైలెన్సరుకు వేసేశారు. వేగిన బంతిపూల వాసన మధ్య అయ్యగారు దిగి, చాచిన కాలితోనే లోపలికి నడిచి, మనవరాలిని రెండు చేతులా ఎత్తారు. పాప ఆయన గడ్డం పట్టుకుంది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నారు. నా మెడ మాత్రం ఇంకా వెనక్కే ఉండిపోవడంతో గుమ్మానికి నమస్కరించాను.

ఆరాధనయ్యాక వియ్యంకుడు కారు చుట్టూ తిరిగి, కాలు పెట్టే చోటు కొలిచి, నా దగ్గరకొచ్చాడు.

"మా అన్నయ్యగారిక్కూడా మోకాలు మడత పడదండి. ఇలాంటిదే ఒకటి కట్టి పెడుదురూ. ఆ ముందుకెళ్ళే గేరొకటి ఎలాగూ దండగే కదండీ. అది కూడా తీసేస్తే కాలికి ఇంకాస్త జాగా వస్తది."

అప్పుడే అక్కడే, గుమ్మం వైపు తిరిగి ఉన్న మెడతోనే గంభీరంగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ ఇంజను ముఖమూ తిప్పను. ఏ బండైనా ముందు నడిపి చూసి, ఆ తరువాతే ప్రార్థనకు తెస్తాను. దేవుడేమీ అనుకోడు. ఆయన కూడా చేసినదాన్ని చూసుకున్నాకే కదా, మంచిదన్నాడు.

ప్రియమైన చదువరులారా, ఈ ప్రమాణం నిలబడాలని నాతో కలిసి ప్రార్థించండి. వర్షం పట్టే రోజుల్లో నా మెడ ఇప్పటికీ పట్టేస్తుంది, దానికోసం కూడా ఒక మాట చెప్పండి. బండి మీదున్నవాళ్ళు పక్కకు ఆపి కళ్ళు మూసుకోండి. ఆమేన్.