భయం దిగేదాకా బస్సులోనే

మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మగ్గం పక్కన పట్టుదారం కండెలకు చుడుతున్నాను. చేసింది ఆసుపత్రి నర్సు. "తెల్లారుజామున పోయిందక్కా. గార్లదిన్నెలో, వాళ్లింట్లోనే. మధ్యాహ్నం మట్టి చేస్తారంట" అంది. మా ఆయన అప్పటికే బండి తాళం తీశాడు.

"పా, నేను దింపుతా."

"వద్దు. బస్సులో పోతా. ఒక్కదాన్నే."

"ఈ పొద్దేనా? సగం దారిలో దిగేసినావంటే ఆయమ్మ ముఖం కూడా చూడలేవు" అన్నాడు. నిజమే. అయినా చెప్పులేసుకున్నాను. ధర్మవరం ఆడమనిషి బస్సెక్కడం కూడా రాయదగ్గ సంగతేనా అని మీకనిపించవచ్చు. నాకది ఎంత పెద్ద సంగతో చెబుతాను, వినండి.

కొన్నేళ్ల కిందట అనంతపురం బస్సులో ఉన్నట్టుండి నాకు ఊపిరాడలేదు. గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి, చచ్చిపోతున్నాననే అనుకున్నాను. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి గుండె గట్టిగానే ఉందన్నారు. గట్టిగా ఉంటే అలా ఎందుకు కొట్టుకుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. దాంతో బస్సు మానేశాను. తర్వాత సంత మానేశాను, పెళ్లిళ్లు మానేశాను, చివరికి మా వీధి మలుపు కూడా దాటలేకపోయాను. దర్గాలో తాయెత్తు కట్టించారు, నిమ్మకాయలతో దిష్టి తీశారు. మా అత్తయితే దానికి పని ఎగ్గొట్టే జబ్బని పేరు కూడా పెట్టింది.

మేడం మా ఊరి ఆసుపత్రిలో కౌన్సెలర్. కౌన్సెలింగ్ అంటే కూర్చోబెట్టి బుద్ధులు చెప్పడమని నా లెక్క. ఆ పనికి మా ఇంట్లోనే కావలసినంత మంది ఉన్నారని నేను పోలేదు. నేను పోకపోతే ఆమే వచ్చారు. మగ్గం గుంట గట్టున కూర్చుని, కాళ్లు గుంటలోకి వదిలి, "చెప్పమ్మా, భయం వచ్చినప్పుడు నీకేమైతాది?" అని అడిగారు. చెప్పాను. ధైర్యంగా ఉండమనలేదు. అంతా విని, "శానా కష్టపడినావు తల్లీ" అన్నారు, అంతే. మా నాయన పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు. ఒక మనిషి అడ్డు తగలకుండా వింటే సగం బరువు దిగిపోతుందని ఆ రోజే తెలిసింది.

కొన్ని వారాల తర్వాత నా భయాన్ని మాటలతోనే పట్టుకున్నారు.

"గుండె ఆగిపోతాదని అనిపిస్తాండాది మేడం."

"ఎన్నిసార్లు అనిపించింది?"

"లెక్కే లేదు."

"ఎన్నిసార్లు ఆగింది?"

నాకు నవ్వొచ్చింది. "అయితే అబద్ధం చెప్తాండేది గుండె కాదమ్మా, భయం. అది ఏం చెప్పినా సాక్ష్యం అడుగు" అన్నారు. ఇప్పటికీ అడుగుతాను.

అందరికీ ఒకే వైద్యం చేసే మనిషి కాదామె. మా మరిదీ తోడికోడలూ ఒకే మగ్గం మీద పనిచేస్తూ నెలల తరబడి మాట్లాడుకోలేదు. చీరకు వేరే రంగు అంచు నేయాలంటే మగ్గానికి ఇద్దరు కావాలి. నేసేది మా మరిది, పక్కన కూర్చుని అంచు దారం ఉన్న నాడె అందించేది ఆమె. మేడం ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరు చెప్పింది రెండోవాళ్లు విని తిరిగి చెప్పాలన్నారు. తర్వాత ఒక రోజంతా చోట్లు మార్చుకోమన్నారు. సాయంత్రానికి మా మరిది, "పొద్దంతా ఇంకొకరి చెయ్యి చూసుకుంటా కూర్చోవాల్నా? నాతో కాదు మేడం" అన్నాడు. మా తోడికోడలు నవ్విన నవ్వు వీధి చివరి దాకా వినిపించింది. తాగుడు మానాలనుకునేవాళ్లను మాత్రం గుంపుగా కూర్చోబెట్టి, తాను నోరు విప్పేవారు కాదు. "పది బుద్ధుల కంటే 'నాకూ అట్లే అయింది' అనే ఒక్క మాట మేలు" అనేవారు. మాత్రలు అవసరమైనవాళ్లను, "మాట చేసే పని మాట చేస్తాది, మాత్ర చేసే పని మాత్ర చేస్తాది" అని అనంతపురంలో మానసిక డాక్టరు దగ్గరికి పంపేవారు.

నా వైద్యం బస్టాండులో జరిగింది. మొదట అక్కడ ఊరికే నిలబడటం. తర్వాత ఆగి ఉన్న బస్సులో కూర్చోవడం. ఆ తర్వాత ఒక్క స్టాపు దాకా, మేడం నా పక్కన. మళ్లీసారి మేడం వెనక సీట్లో. "ఎక్కిన భయం దానంతట అదే దిగుతాది. అది దిగేదాకా నువ్వు దిగద్దు. మధ్యలో దిగితే అదే గెలిచినట్టు" అనేవారు. దిగగానే చెయ్యి చాచి, "టికెట్టు ఏదీ?" అని అడిగేవారు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనాక కూడా కండక్టరిచ్చే సున్నా రూపాయల టికెట్టు చూడనిదే వదిలేవారు కాదు. చూసి, పరీక్ష పాసైన పిల్ల తల్లిలా మురిసిపోయేవారు.

"ఇంగ ఒక్కటే ఉండాది. మా గార్లదిన్నెకు ఒక్కదానివే రా. ఉగ్గాని బజ్జీ చేసి పెడతా" అన్నారు చివరిసారి. అంతలో ఆమెకు జబ్బు చేసి ఊరికి వెళ్లిపోయారు. నాకు ఆ ఒక్క ప్రయాణమే మిగిలిపోయింది.

ఆ రోజు అనంతపురం దాకా బాగానే వెళ్లాను. అక్కడ గార్లదిన్నె మీదుగా పోయే పామిడి బస్సెక్కాను. ఊరు దాటగానే భయం మొదలైంది. ఎండిన శెనక్కాయ చేలు కిటికీలో తిరిగిపోతున్నాయి. సాక్ష్యం అడిగాను, అది వినే స్థితిలో లేదు. కండక్టరు గార్లదిన్నె అని కేకేశాడు. లేచి నిలబడ్డాను. దిగితే మేడం ఇల్లు, కానీ గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది. మళ్లీ కూర్చున్నాను. బస్సు కదిలింది.

"ఏమ్మా, గార్లదిన్నె అంటివి, దిగలేదే?"

"భయం ఇంకా దిగలేదన్నా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఉచితమని పామిడి దాకా వస్తావా యేమి? చెకింగోళ్లొస్తే నా గతేమి కావాల?" అని గొణుక్కుంటూ ఇంకో సున్నా టికెట్టు కొట్టి నా చేతిలో పెట్టాడు.

ఈలోపు మేడంను మట్టిలో పెట్టేస్తారేమో అనే దిగులు కూడా వచ్చి చేరింది. అయినా ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి పొంగిన పాలు చల్లారినట్టు అది దిగడం మొదలుపెట్టింది. ఆమె చెప్పినట్టే, దానంతట అదే. నేను ఒక్కదాన్నే ఉన్నాను, నాకేమీ కాలేదు. సంతోషంతో బస్సంతా వినిపించేలా అరవాలనిపించింది. "ఆపన్నా, ఇంగ దిగుతా" అన్నాను.

ఎదురొచ్చిన ఆటో పట్టుకుని వెనక్కి, ఊరి సమాధుల దగ్గరికి వచ్చేసరికి పాస్టరు ప్రార్థన అయిపోయింది, పెట్టె గోతిలోకి దించేశారు. నర్సు నా భుజం పట్టుకుంది. "ఇంతసేపా అక్కా? ముఖం చూసుకోకపోతివే. మధ్యలో దిగేసినావా?"

"లేదు. గార్లదిన్నె వచ్చినా దిగలేదు. భయం దిగినాకే దిగినా."

మేడం మాట తెలిసిన మనిషి, ఆమెకు అర్థమైంది. ఏడుస్తూనే నవ్వింది. నాకూ అంతే, ముఖం చూడలేదన్న బాధా ఒక్కదాన్నే వచ్చానన్న సంబరమూ ఒకేసారి పొంగుకొచ్చాయి.

వచ్చినవాళ్లందరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. నా వంతు వచ్చింది. పిడికిట్లో పామిడి బస్సు టికెట్లు రెండున్నాయి. గార్లదిన్నె టికెట్టు కొంగున ముడేసుకుని, ఆమె ఊరు దాటించిన ఆ రెండో టికెట్టును మట్టితో పాటు ఆమెకు ఇచ్చాను. ఎర్రమట్టి మీద ఆ తెల్లకాగితం గాలికి కొసలు కదిలిస్తూ కాసేపు కనిపించింది. తర్వాత నర్సు వేసిన మట్టి దాని మీద పడింది.